రోసాల్: పచ్చికలో మిగిలిన ఊరు

స్కాట్లండు ఉత్తర భాగాన, సదర్లండు ప్రాంతంలో, నేవర్ నది పారే లోయను స్ట్రాత్‌నేవర్ అంటారు. అక్కడ అడవి నడుమ ఒక పచ్చిక బయలు ఉన్నది. చుట్టుపక్కల బీడునేల కంటె ఇది పచ్చగా ఉండటానికి కారణం మనుష్యులే. తరతరాలు పశువుల ఎరువు వేసి సాగుచేసిన నేల అది. ఆ ఊరి పేరు రోసాల్.

ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ పచ్చికలో బారులు తీరిన మట్టి గట్లు కనపడతాయి. వీటిని రిగ్గులంటారు. వానలు మెండైన ఆ సీమలో నీరు నడిమి పల్లాల గుండా జారిపోయేది. గట్టుమీది ఓట్లు, బార్లీ పంటలు కుళ్లకుండా నిలిచేవి.

స్కాట్లండు కొండసీమ ఊళ్లలో ఒక రైతు పొలం ఒకేచోట ఉండేది కాదు. మంచి నేలలో కొన్ని గట్లు, చెడ్డ నేలలో కొన్ని గట్లు ప్రతివానికీ వచ్చేవి. చాలా ఊళ్లలో కొన్నేళ్ల కొకసారి వాటిని తిరిగి పంచుకునేవారు. మేతబయలు అందరిదీ. ఈ పద్ధతికి రన్‌రిగ్ అని పేరు. దీనివల్ల పేదరికం పోలేదు. కరవు కాలంలో ఆకలీ తప్పలేదు. కాని మంచి నేలా, చెడ్డ నేలా కూడ ఊరంతా పంచుకున్నది.

గొర్రెల పెంపకంలో ఎక్కువ కౌలు వస్తుందని సదర్లండు ఎస్టేటువారు లోయలోని రైతులను వెళ్లగొట్టారు. 1814, 1819 సంవత్సరాలలో ఈ తొలగింపులు తీవ్రంగా సాగాయి. 1814 నాటి ఘటనలకు ఎస్టేటు ఉద్యోగి పాట్రిక్ సెల్లర్ 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ నెదుర్కొని నిర్దోషిగా విడుదల అయినాడు. రోసాల్ కూడ ఆ కాలంలోనే పాడుపడింది. లోయ నుండి వెళ్లినవారిలో పలువురికి సముద్రతీరాన చిన్న చిన్న విడి కమతాలు దక్కాయి. అవి కుటుంబపోషణకు చాలక చేపలవేట కూడ తప్పలేదు.

అడవి నాటడానికి ముందు, 1962లో, హొరేస్ ఫెయిర్‌హర్స్ట్ ఇక్కడ త్రవ్వకాలు జరిపినాడు. దాదాపు 70 కట్టడాల ఆనవాళ్లు లెక్కకు వచ్చాయి. ఒకే కప్పు క్రింద మనుష్యులూ పశువులూ ఉండిన పొడుగుటిళ్లు, కొట్టాలు, ధాన్యం ఆరబెట్టే బట్టీలు వాటిలో ఉన్నాయి. గోడలలో మట్టిపెళ్లలు కరిగిపోయి, అడుగు రాళ్లే మిగిలాయి.

చుట్టూ చెట్లు పెరిగినా ఊరి స్థలాన్ని అట్లే విడిచిపెట్టారు. కౌలు లెక్కలలో ఉండేవి పేర్లూ, పైకమూ మాత్రమే. ఆ ఊరివారు నేలను పంచుకున్న తీరును ఈనాటికీ చూపేవి పచ్చికలోని ఆ మట్టి గట్లే.