వారసత్వ ఉద్యోగం – నీతి, వృత్తిధర్మం, చట్టం: సింగరేణి అనుభవం

నీతి, ధర్మం, చట్టం అనే మాటలను వ్యవహారంలో ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటాం. తప్పొప్పులను గురించి వ్యక్తికీ సమూహానికీ ఉన్న అంతరంగిక విశ్వాసం నీతి. ఒక సంస్థ తనవారి పట్ల పాటించడానికి అంగీకరించిన నియమం వృత్తిధర్మం. రాజ్యం అందరికీ వర్తింపజేసేది చట్టం. సింగరేణి వారసత్వ ఉద్యోగాల వివాదంలో ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది.

బాయిలో తండ్రి ఆరోగ్యం కరిగిపోయింది కాబట్టి ఆ కొలువు కొడుక్కు దక్కడం న్యాయమని గోదావరిఖని, సెంటినరీ కాలనీ వంటి కార్మికవాడల్లో బలమైన నమ్మకం ఉంది. ఇది నీతి. సర్వీసులో ఉండగా మరణించిన లేదా శాశ్వతంగా అశక్తుడైన కార్మికుని ఆశ్రితునికి ఉద్యోగమివ్వాలని జాతీయ బొగ్గు వేతన ఒప్పందం అంగీకరించింది. ఇది వృత్తిధర్మం.

2016 చివరలో యాజమాన్యం ఈ పరిధిని విస్తరించి, ముందుగా స్వచ్ఛందంగా విరమించే కార్మికుని వారసునికి ఉద్యోగమిచ్చే పథకాన్ని ప్రకటించింది. 2017 మార్చిలో ఉమ్మడి హైకోర్టు దానిని కొట్టివేసింది. అప్పీలులోనూ సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నందున అక్కడి కొలువు ప్రభుత్వ కొలువే. అటువంటి కొలువులో వంశాన్ని బట్టి వివక్ష చూపరాదని రాజ్యాంగం 16(2) అధికరణం చెబుతుంది. కారుణ్య నియామకం హఠాత్తుగా దిక్కులేనిదైన కుటుంబాన్ని ఆదుకోవడానికే తప్ప వారసత్వ హక్కు కాదని ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో (1994) సుప్రీంకోర్టు అప్పటికే స్పష్టం చేసింది.

కార్మికుని త్యాగానికి విలువ లేదని ఈ తీర్పుల అర్థం కాదు. అవి ఆపదను, పుట్టుకను వేరుచేశాయి. అదే బొగ్గును తవ్వే కాంట్రాక్టు కార్మికుని కొడుకుకు, బాయితో సంబంధమే లేని కూలీ బిడ్డకు వారసత్వ పథకంలో చోటు లేదు. కార్మికవాడ నీతి తనవారిని చూసింది. చట్టం గుమ్మం బయట నిలబడినవారినీ లెక్కించింది.

అయితే చట్టం పథకాన్ని రద్దు చేయగలదు గాని, చెడిన ఊపిరితిత్తులకు బదులు చెప్పలేదు. ఆ బాధ్యత ఇంకా సంస్థపైనే ఉంది. గనిలో భద్రత, సకాల వైద్యం, నిజమైన అశక్తతకు సత్వర పరిహారం సక్రమంగా అందితే, కొడుకు కొలువునే తండ్రి ఆరోగ్యానికి వెలగా భావించవలసిన స్థితి తగ్గుతుంది.