గాజు తంతువులో కాంతి: విజయనగరం పరిశోధన, శ్రీకాకుళం ఇసుక

సన్నని గాజు తంతువులో కాంతిని ప్రవేశపెట్టి, అది అందులోనే బలం పుంజుకొని వెలువడేటట్లు చేసే సాధనమే ఫైబర్ లేజర్. నేడు దీనితో ఉక్కు రేకులను కోస్తున్నారు, శస్త్రచికిత్సలు చేస్తున్నారు. దీని చరిత్రను సాధారణంగా 1961లో అమెరికాతో ప్రారంభిస్తారు. కాని ఈ సాధనం వెనుక మూడు పాత ప్రశ్నలున్నాయి. కాంతి గాజులో ఏ దారిన పోతుంది? లోహ పరమాణువు కాంతిని ఎట్లా గ్రహిస్తుంది, ఎట్లా వదులుతుంది? ఆ లోహం ఎక్కడ దొరుకుతుంది? చివరి రెండు ప్రశ్నలకు మన ఉత్తరాంధ్రతో సంబంధమున్నది.

మొదటి ప్రశ్నకు బాగ్దాదులో ఇబ్ను సహల్ 984 ప్రాంతంలో రేఖాగణిత రూపంలో జవాబు చెప్పాడు. కాంతి వక్రీభవన సూత్రం ఆయన పటాలలో కనిపిస్తుంది. తరువాత ఇబ్నుల్ హైసమ్ 'కితాబుల్ మనాజిర్'లో కాంతిశాస్త్రాన్ని ప్రయోగాలపై నిలబెట్టాడు. కమాలుద్దీన్ ఫారిసీ నీరు నింపిన గాజుగోళాన్ని వానచినుకుగా భావించి, కాంతి లోపలికి వంగి ప్రవేశించి, లోపలి గోడపై పరావర్తనం చెంది బయటపడుతుందని చూపాడు. వీరు లేజరును కనిపెట్టారనడం చరిత్ర కాదు. తంతువులో జరిగేది సంపూర్ణ పరావర్తనం. గోళంలో కొంత కాంతి మాత్రమే వెనుదిరుగుతుంది. అయితే గాజులో కాంతి నడిచే దారిని ఊహతో గాక ప్రయోగంతో నిర్ణయించాలన్న పద్ధతి వీరిదే.

రెండవ ప్రశ్నపై 1920ల్లో విజయనగరం మహారాజా కళాశాలలో పని జరిగింది. అక్కడ ఎ. ఎల్. నారాయణ్, కె. రంగధామరావు లోహాల ఆవిరులు ఏ ఏ కాంతులను గ్రహిస్తాయో పరిశోధించి, ఫలితాలను ఇంగ్లండు పత్రికలలో ప్రకటించారు. రంగధామరావు తరువాత లండనులో ఫౌలర్ వద్ద పరిశోధించి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపటశాస్త్ర పరిశోధనను పెంపొందించారు.

మూడవ ప్రశ్నకు జవాబు మన తీరంలోనే ఉన్నది. తూర్పు కనుమల రాళ్లు అరిగి, నాగావళి, వంశధార మోసుకొచ్చిన ఇసుకను అలలు జల్లించగా, బరువైన ఖనిజాలు ఒడ్డున నిలిచాయి. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు తీరాల నల్ల ఇసుక అదే. నాటి విశాఖపట్నం జిల్లా తీరపు ఇసుకలో మోనజైట్ ఉన్నదని మహదేవన్, శ్రీరామదాస్ 1948లో వ్రాశారు. శ్రీకాకుళం 1950లోను, విజయనగరం 1979లోను వేరు జిల్లాలయ్యాయి. మోనజైట్‌లో థోరియంతోపాటు సీరియం, లాంథనమ్, నియోడిమియమ్ ఉంటాయి.

1961లో అమెరికాలో ఎలియాస్ స్నిట్జర్ గాజులో కలిపిన లోహం ఈ నియోడిమియమే. 1964లో కోస్టర్‌తో కలిసి ఆయన అటువంటి తంతువులో కాంతిని బలపరచి చూపాడు. 1987లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో ఎర్బియం కలిపిన తంతువు టెలిఫోను సంకేతాలను దూరతీరాలకు చేర్చే మార్గం తెరిచింది.

ఇక్కడ మనం ఆలోచించవలసిన విషయమొకటి ఉన్నది. పరమాణు కాంతిని కొలిచిన కళాశాలకు కొద్ది దూరంలోనే ఆ ఇసుక ఉన్నది. అయినా ఆ రెండూ కలిసినది వేరే దేశంలో. ఇసుకను శుద్ధిచేసే రసాయన విద్య, గాజును దోషం లేకుండా కరగించే నేర్పు ఒకే చోట చేరాలి. కలకత్తాలోని కేంద్ర గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ ప్రత్యేక తంతువులను తయారుచేసి, మన దేశంలోనూ అది సాధ్యమేనని నిరూపించింది. పూర్వీకుల పేర్లు చెప్పుకోవడం సులభం; వారు వదిలిన ప్రశ్నను ముందుకు తీసుకుపోవడమే వారసత్వం.