నల్లరేగడి తిన్న అంబాసిడర్

పత్తికట్టె ఇంకో నాలుగు పుల్లలు యెయ్యప్పా, మంట తగ్గుతాంది. యాడో పాత ఫియట్ కొన్నానంటివి గదా, సెలవుల్లో ఇంటికాడే బాగు చేసుకుంటానంటివి. మంచి పనే. అయితే రంగు డబ్బా కొనేదానికి ముందర మా చిన్నాయన అంబాసిడర్ సంగతి వినాల నువ్వు. అమ్మీ, నువ్వు గూడా ఇట్ల మంట పక్కకి రా.

మా నాయన చిన్నప్పుడు మన హాలహర్వి బళ్లారి జిల్లాలోది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు పక్కకి వచ్చె. జిల్లా మారినా, సామాన్లకీ ఆస్పత్రికీ మనం పోయేది బళ్లారికే. పత్తి మాత్రం ఆదోనికి పోవాల. పత్తి కాలం వచ్చిందంటే ఆదోని వ్యాపారస్తులు కార్లేసుకొని ఊర్లెంబడి వచ్చి, చేన్లు చూసి, పింజ లాగి చూసి బేరం మాట్లాడిపోతాండ్రి. నేను చెప్పే కారు అట్లాంటి ఒక వ్యాపారిది. మార్క్ టూ అంబాసిడర్. ముందర చదరంగం గళ్ల మాదిరి గ్రిల్లు ఉంటాదే, అది. ఏండ్ల తరబడి మన దావల్లో తిరిగి నలిగినంక మా చిన్నాయన దాన్ని కొనె. 1981 ఎండాకాలం అది.

కొత్తది కొనుక్కోవచ్చు గదా అంటారేమో. ఆ దినాల్లో దుడ్లు ఉంటే సరిపోదు. అంబాసిడర్‌కైనా, ఫియట్‌కైనా ముందు డబ్బు కట్టి ఏండ్ల కొద్దీ కాచుకోని ఉండాల. మార్క్ వన్నూ, టూవూ, త్రీ అని పేర్లు మారుతుండె గానీ, బండి మాత్రం ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డ్ అని చేసిందే. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా పక్కన ఉత్తరపారాలో 1957 నుంచి దాన్ని చేయబట్టి, 2014 దాకా చేస్తానే ఉండ్రి. అందుకే పాత బండికి సామాను దొరుకుతాండె. పాత బండిని పారేసే మనిషి లేడు, బాగు చేసుకోని నడిపేవాళ్లే.

బయటికి ఆ కారు నిగనిగలాడుతాండె. కొత్తగా తెల్ల రంగు కొట్టించి అమ్మినారు. ఎడమపక్క ముందు మడ్‌గార్డు మీద ఎద్దులబండి నొగ తగిలిన సొట్ట ఒకటి, వెనక డిక్కీ మూత మీద ఇంకోటి, అంతే కనపడేది. సొట్టలు తీయించి ఊరంతా తిప్పాలని చిన్నాయన ఆశ. ఆదోనిలో టింకరింగ్ పని చేసి చేసి, వయసు మళ్లి ఇంటికాడ ఉన్న ఒక సాయబును పిలిపించె. మేమంతా ఆయన్ని మేస్త్రి అంటాంటిమి. మా చిన్నాయన కన్నా పెద్దోడు, అయినా చిన్నాయనను ‘అన్నా’ అనే పిలుస్తాండె.

మేస్త్రి వచ్చి సొట్టల దిక్కే చూడలేదు. ‘అన్నా, ముందు లోపల పరిచిన చాపలు పీకించు’ అనె. పీకితిమి. ఆయన మోకాళ్ల మీద కూచోని, స్క్రూడ్రైవర్ కొనతో డోర్ల కింద పొడుగునా ఉండే బోలు పట్టీని మెల్లగా తడుతూ పోయె. టింగ్ టింగ్ అని పలుకుతా పలుకుతా ఒక తావున దబ్ అని మూగబోయె. ఆడ ఒత్తితే స్క్రూడ్రైవర్ పిడి దాకా లోపలికి దిగబడె. బయటికి లాగితే తెల్ల రంగు పొర, దాని కింద వేలు మందం పుట్టీ, దాని కింద పాత గోనెపట్ట ముక్క. ఇనుమే లేదు! అమ్మినోడు చిల్లిలో గోనె కుక్కి, పుట్టీ మెత్తి, రంగు కొట్టిచ్చినాడు. చిన్నాయన మొహం మాడిపోయె. నాకు ఇప్పటికీ ఆ పని తలుచుకుంటే కడుపు మండుతాది. కొనేవాడు మోసపోతే పోనీ, ఆ కారులో పిల్లా జెల్లా కూచోని పోతారు గదా.

ఎందుకంటే, ఇది బాగా గుర్తు పెట్టుకోండి, అంబాసిడర్‌కి జీపు మాదిరి కింద వేరే చాసిస్ ఉండదు. రేకు బాడీయే దాని ఎముక. మద్రాసులో చేసిన స్టాండర్డ్ హెరాల్డ్‌కైతే చాసిస్ వేరు, బాడీ వేరు. అంబాసిడర్‌లో డోర్ల కింది పట్టీ కుళ్లిందంటే బండి నడుము విరిగినట్లే. నీ ఫియట్ గూడా అదే జాతి.

మేస్త్రి నాలుగు చక్రాలు విప్పించి, బండిని రాతి దిమ్మెల మీద ఎక్కించి, మడ్‌గార్డుల లోపలికి చెయ్యి పెట్టమనె. పెడితే గట్టిగా అతుక్కోని ఉంది మట్టి. సుత్తి, ఉలి తీసుకోని పెళ్లలు పెళ్లలుగా ఊడదీస్తిమి. ఒక పెళ్లను ఆయన అడ్డంగా విరిచి నా చేతిలో పెట్టె. మన నల్లరేగడి ఒక పొర, పత్తికొండ దిక్కు ఎర్రమట్టి ఒక పొర, మల్ల నల్లది, మధ్యలో తెల్లగా చౌడు. ఆ వ్యాపారి తిరిగిన ఊర్లన్నీ ఆడనే ఉండె. బయట ఎండకు మట్టి పగుళ్లు బారినా, ఆ పెళ్ల లోపల వేలు పెడితే చల్లగా, చెమ్మగా తగులుతాండె.

‘అన్నా, వానకు ఇనుము చావదు. వాన కురిసి పోతాది, ఎండకు ఆరిపోతాది. ఇనుమును చంపేది ఇది’ అనె మేస్త్రి ఆ పెళ్లను చూపించి. మాట నూటికి నూరుపాళ్లు నిజం. తుప్పు పట్టేదానికి ఇనుముకు నీళ్లూ కావాల, గాలీ కావాల. ఉప్పు కలిస్తే ఇంకా తొందర. సముద్రం పక్క ఊర్లలో కార్లు బెరీన తుప్పు పట్టేది అందుకే. మన ఎండ నేలలో అంత ఉండకూడదు. కానీ రేగడి ఒకసారి అతుక్కుంటే వదలదు, తాగిన నీళ్లను దినాల తరబడి పట్టుకోని ఉంటాది. దాంట్లో చౌడు గూడా కలిస్తే ఇంక చెప్పేదేముంది.

డోర్లు విప్పినప్పుడు ఇంకో విచిత్రం బయటపడె. ప్రతి డోరుకూ అడుగున చిన్న బొక్కలు ఉంటాయి. అద్దం పక్క నుంచి లోపలికి కారిన వాననీళ్లు ఆ బొక్కల్లోంచి కిందికి పోవాల. ఈ కారు డోర్ల అడుగున బొక్కలు మూసుకుపోయి ఉండె. మేస్త్రి కమ్మీ పెట్టి కెలికితే నల్లగా, తడిగా దూది వచ్చె. పత్తి బేరానికి తిరిగిన కారు గదా, కారులో మచ్చు పత్తి మోసి మోసి, పింజలు ఎగిరి, అద్దాల సందుల్లోంచి లోపల పడి, ధూళితో కలిసి చాప మాదిరి పరుచుకున్నాయి. ఆ దూది నీళ్లు పీల్చుకోని డోరు అడుగును లోపలి నుంచి తినేసింది. మన ఆదోని పత్తి ఎన్ని మిల్లులు నడిపిందో గానీ, ఆ నాలుగు డోర్లను మాత్రం అది చంపె.

అప్పుడు మొదలాయె అసలు పని. మా గాటిపాడు పక్క కొట్టమే షెడ్డు. సీట్లు తీసేసి, బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టించె. నిప్పుతో పని గదా. బళ్లారి నుంచి ఆక్సిజన్ సిలిండర్ బండ్లో ఏసుకోని తెస్తిమి. రెండో గ్యాసు కార్బైడ్ మీద నీళ్లు పడితే వచ్చేది. ఆక్సిజన్ సిలిండర్ తిప్పే తావున నూనె చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. నూనె తగిలితే అంటుకుంటాది అని మమ్మల్ని సోపుతో చేతులు కడుక్కోని రమ్మంటాండె.

కుళ్లిన రేకును ఎంత కొయ్యాల? చిల్లి ఉన్నంత మటుకేనని మేమనుకుంటిమి. ఆయన ఒప్పుకోలె. చిల్లి చుట్టూ రంగు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా పోయి, ఆడికి ఇంకో రెండు వేళ్లు బయటికి గీత గీసి కోసె. పల్చబడిన అంచుకు అతుకు పెడితే ఆ అంచే కాలి చిల్లి పడతాదంట. పట్టీ కొయ్యడానికి ముందు లోపల డోరు తావున కమ్మీలు అడ్డం పెట్టి బిగించె. ఒక పక్క పూర్తయినంకనే రెండో పక్క ముట్టుకొనె. మధ్యలో మాటిమాటికీ డోరు తగిలించి, చుట్టూ సందు సమంగా ఉందా అని అట్టముక్క పెట్టి చూస్తాండె. రెండు పక్కలా ఒకేసారి కోస్తే బండి నడుము వంగిపోతాది, ఇంక జన్మలో డోరు సరిగ్గా పడదు.

20 గేజి రేకు కొత్తది తెచ్చి, రైలుపట్టా ముక్క మీద వంచి, అతుకులు తయారు చేసె. అతికేటప్పుడు ఈ కొన నుంచి ఆ కొనకు గీత లాగినట్లు అతికేవాడు కాదు. ఈడొక చుక్క, ఆడొక చుక్క, మల్ల మధ్యలో ఒకటి. వేడికి రేకు మెలి తిరగకుండా పక్కన తడి గోనెపట్టలు పరిపిస్తాండె.

సొట్టల సంగతి చివరికి వచ్చె. మడ్‌గార్డు సొట్ట తీసేటప్పుడు నేను దీపం పట్టుకోని పక్కనే ఉంటి. గుంత మధ్యలో లోపలి నుంచి ఒక్క దెబ్బ గట్టిగా కొడితే పోతాది గదా అని ఎవరైనా అనుకుంటారు. అట్ల కొడితే రేకు సాగిపోతాది. సాగిన రేకును ఒత్తితే డబ్బా మూత మాదిరి టక్కుమని లోపలికి పోతాది, వదిలితే బయటికి వస్తాది, ఎప్పటికీ నిలబడదు. మేస్త్రి ఎడమ చేత్తో లోపల నున్నటి ఇనుప దిమ్మ గుంత కింద ఆనించి పైకి ఒత్తి పట్టి, కుడి చేత్తో బయట గుంత చుట్టూ లేచిన గట్టును చిన్న సుత్తితో తడతాండె. గట్టు దిగేకొద్దీ గుంత తనంతట తానే పైకి లేస్తాండె. దెబ్బలు గట్టివి కావు, శానా దెబ్బలు, అంతే. నడుమ ఆపి, అరచేతిని రేకు మీద పొడుగునా జరిపి, కండ్లు మూసుకోని చూస్తాండె. మల్ల కిరోసిన్ గుడ్డతో తుడిచి, వంగి వాలుగా చూసి, తళుకు యాడ వంకర పోతే ఆడ సుద్దముక్కతో గుర్తు పెడతాండె. ఒక తావున రేకు సాగింది. ఆడ పైసా బిళ్లంత ఎర్రగా కాల్చి, చుట్టూ తట్టి, తడిగుడ్డ పెడితే సుయ్యిమని ముడుచుకుపోయి బిగిసె. నేను నోరు తెరుచుకోని చూస్తి.

అంతా అయినంక పుట్టీ పెట్టె. పెట్టలేదని కాదు. కాకపోతే గోరు మందం గూడా లేదు, పల్చగా, ఒక పూత ఆరినంకనే ఇంకోటి. మందంగా మెత్తితే లోపల ఆరదు, మన గుంతల దావలో అదిరి అదిరి పగిలిపోతాది. పుట్టీకి ముందర రెడ్ ఆక్సైడ్ పూసె. గీకిన ఇనుమును ఒక్క రాత్రి గూడా ఉత్తగా ఉండనిచ్చేవాడు కాదు. మంచుకే తుప్పు మొదలైతాదని, పొద్దు గూకే లోపల పూయాల్సిందే. ఆయన గురువుల కాలంలోనైతే సీసం సిందూరం అవిసె నూనెలో కలిపి పూస్తాండ్రంట, అది బాగా కాపాడుతాదంట. కానీ సీసం విషం, ఇప్పుడు దాని జోలికి పోవద్దు. నువ్వు పాత రంగు గీకేటప్పుడు గూడా మూతికి మాస్కు, కండ్లకు అద్దాలు పెట్టుకో. హార్డెనర్ కలిపే ఇప్పటి రంగులు ఇంట్లో స్ప్రే కొట్టనే వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు శానా చెడ్డది. ఆ ఒక్క పనీ షాపువాళ్లకు ఇయ్యి.

రంగు కొట్టేది తెల్లారుజామున. ఆషాఢం గాలి లేచేలోపల ముగించాల. కొట్టమంతా నీళ్లు చల్లి ధూళి అణిచి, బావికాడి ఆయిల్ ఇంజన్‌తో కంప్రెసర్ తిప్పితిమి. మబ్బు పట్టి గాలి చెమ్మగా ఉన్న దినం ఆయన గన్ను ముట్టనే లేదు. ఆ రంగు చెమ్మకు తెల్లగా పాలిపోతాదంట. చిన్నాయన తొందర పెట్టినా ‘ఎండ రానీ అన్నా’ అని బీడీ ముట్టించుకోని కూచొనె.

ఆ మరుసటేడే ఎన్టీ రామారావు పార్టీ పెట్టి చైతన్య రథం మీద రాష్ట్రమంతా తిరిగె. హరికృష్ణ నడిపె. అది గూడా పాత షెవర్లే వ్యానే గదా, మార్చి చేయించుకున్నది. పేపర్లో ఆ బొమ్మ చూసి మా చిన్నాయన, పాత బండికి మన మేస్త్రి మాదిరి చెయ్యి పడితే ఎంత దూరమైనా పోతాదని కనపడినోళ్లకంతా చెప్తాండె.

కారు శానా ఏండ్లు నడిచె. ఆదోని జాతరలకీ, మంత్రాలయానికీ, పెండ్లిండ్లకీ అదే. ఒకసారి బళ్లారిలో లారీ తగిలి కుడిపక్క తలుపు, దాని కింది పట్టీ నలిగిపోయె. ఆడి టింకర్ రంగు గీకి, పాత అతుకు బయటపడేసరికి పనిలోని పిల్లోళ్లను పిలిచి చూపించె. లోపల ఒక్క చుక్క తుప్పు లేదు. ‘ఈ అతుకు నేను కొయ్యను, దీని పక్క నుంచి మొదలుపెడ్తా. ఎవరు చేసినారు?’ అని అడిగె. ఆ మాట చెప్పాలని చిన్నాయన మేస్త్రిని వెతుక్కోని ఆదోనికి పోయె. ముసలాయన మంచం మీద నుంచి లేసి కూచోని, అంతా విని, ‘డోర్ల కింద బొక్కలు తెరిచినావా అన్నా, ఈ వానలకు?’ అని అడిగె.