ఆష్టన్ హేస్

ఆష్టన్ హేస్ ఇంగ్లాండు వాయవ్య భాగములో చెషైర్ ప్రాంతానికి చెందిన ఒక చిన్న గ్రామము. జనాభా సుమారు వెయ్యి. 2006లో ఈ గ్రామస్తులు తమ ఊరిని ఇంగ్లాండులో మొట్టమొదటి "కర్బన తటస్థ గ్రామము"గా మార్చుకోవాలని పూనుకొన్నారు. ఇది ప్రభుత్వ పథకము కాదు, బయటి సంస్థ ఏదో ఊరిని దత్తత తీసుకొనగా జరిగినదీ కాదు. ఊరివారు తమంతట తామే మొదలుపెట్టి, జీతభత్యాలు లేకుండా నడుపుకొన్న పని. అనుకొన్న లక్ష్యము పూర్తిగా నెరవేరకపోయినా, ఆ పని సాగిన తీరు వలన ఈ గ్రామము పేరు అనేక దేశాలకు తెలిసినది.

ఉనికి, పరిపాలన

చెస్టర్ నగరానికి తూర్పున సుమారు 13 కిలోమీటర్ల దూరములో, డెలమేర్ అడవికి సమీపములో ఈ గ్రామము ఉన్నది. చుట్టూ పచ్చిక బయళ్ళు, వ్యవసాయ భూములు. ఊరిలో 19వ శతాబ్దము మధ్యకాలములో కట్టిన సెయింట్ జాన్ చర్చి, ఒక ప్రాథమిక పాఠశాల, ఒక దుకాణము ఉన్నాయి. పనులకు వెళ్ళేవారిలో చాలామంది పరిసర పట్టణాలకు కారులో వెళ్ళి వస్తారు. ఈ సంగతికి తరువాతి కథలో చాలా ప్రాధాన్యము ఉన్నది.

ఇంగ్లాండులో గ్రామ స్థాయి పాలక సంస్థను పారిష్ కౌన్సిల్ అంటారు. 1894 నాటి చట్టముతో ఇవి ఏర్పడినవి. తెలుగునాట గ్రామ పంచాయతీతో దీనిని పోల్చవచ్చును గానీ అధికారాలు, నిధులు చాలా తక్కువ. పాఠశాలలు, పెద్ద రోడ్లు, చెత్త తరలింపు వంటివి పై స్థాయి కౌన్సిళ్ళ చేతిలో ఉంటాయి. ఆట స్థలము, కాలిబాటలు, వీధి బల్లలు, శ్మశానము వంటి చిన్న పనులే పారిష్ కౌన్సిల్ పాలు. కనుక ఇంగ్లాండు పల్లెలలో ఊరి బాగు అన్నది చాలావరకు స్వచ్ఛందముగా ముందుకు వచ్చేవారి మీదనే ఆధారపడి ఉంటుంది.

ఆరంభము

పత్రికా రచనలోను జలశాస్త్రములోను అనుభవమున్న ఒక గ్రామస్తుడు వేల్స్ లోని హే సాహిత్యోత్సవములో వాతావరణ మార్పు గురించి ఒక ప్రసంగము విన్నాడు. ప్రపంచమంతటి సమస్యకు తన ఊరు చేయగలిగినది ఏమిటన్న ఆలోచన అతనికి అక్కడ కలిగినది. 2005 చివరిలో ఈ ప్రతిపాదనకు పారిష్ కౌన్సిల్ మద్దతు తెలిపినది. 2006 జనవరిలో ప్రారంభ సభ జరిగినది. వెయ్యిమంది ఉన్న ఊరిలో ఆ సభకు సుమారు 400 మంది వచ్చారు.

నిర్వాహకులు ఆ సభకు ఒక నియమము పెట్టారు. రాజకీయ నాయకులు రావచ్చును, కూర్చుని వినవచ్చును, కానీ మాట్లాడరాదు. ఇది ఎవరినీ అవమానించడానికి కాదు. ఒక పార్టీవారు మాట్లాడితే ఇంకొక పార్టీ అభిమానులు దూరమవుతారనీ, అప్పుడిది ఊరి పనిగా మిగలదనీ వారి ఉద్దేశము. రెండవ నియమము ఇంకా సూక్ష్మమైనది. ఎవరినీ తప్పు పట్టకూడదు. పెద్ద కారు నడిపేవారినీ, ఏటా విమానములో విహారానికి వెళ్ళేవారినీ వేలెత్తి చూపరు. చేయదలచినవారు చేస్తారు, మిగిలినవారు ఊరకుంటారు. పొరుగువారితో ముఖాముఖాలు చూసుకొంటూ బ్రతకవలసిన చిన్న ఊరిలో ఈ మర్యాద లేకపోతే ఉద్యమము తగవుగా మారడానికి ఎంతో కాలము పట్టదు.

ఇంటింటి సర్వే

కర్బన తటస్థత అంటే ఒక ఊరు వాతావరణములోకి వదిలే కర్బన వాయువులు, చెట్ల వంటివి పీల్చుకొనేవి లేదా వేరే విధముగా సరిచేసినవి సమానము కావడము. దానికి ముందుగా ఎంత వదులుతున్నారో తెలియాలి. గ్రామములోనే నివసించే చెస్టర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఒకరు ఈ బాధ్యత తీసుకొన్నారు. ఆయన విద్యార్థులు ఇంటింటికీ తిరిగి, కరెంటు ఎంత వాడారు, ఇల్లు వెచ్చబరచడానికి ఏ ఇంధనము ఎంత ఖర్చయినది, కారు ఎంత దూరము తిరిగినది, విమాన ప్రయాణాలు ఎన్ని చేశారు అని అడిగి లెక్కలు రాసుకొన్నారు. తరువాతి సంవత్సరాలలోను ఇటువంటి సర్వేలు జరిగినవి. తమ లెక్కను ఊరి సగటుతో పోల్చి చూసుకొనే అవకాశము కలిగిన తరువాత గ్రామస్తుల ఆసక్తి పెరిగినది. ఊరికే ఉపదేశిస్తే రాని మార్పు కొలత వలన వచ్చినది అనవచ్చును.

ఇళ్ళలో వచ్చిన మార్పులు

ఇంగ్లాండులో ఇంటి ఇంధన ఖర్చులో ఎక్కువ భాగము చలికాలములో గదులు వెచ్చబరచుకొనడానికే పోతుంది. అందుచేత పైకప్పు కింద వేడిని ఆపే పొర వేయించడము, కిటికీలకు రెండు పొరల అద్దము బిగించడము, తలుపుల సందులు మూయడము ముఖ్యమైన పనులైనవి. కొందరు సౌర ఫలకాలు పెట్టించుకొన్నారు, కొందరు విమాన ప్రయాణాలు తగ్గించుకొన్నారు. బట్టలు ఆరబెట్టే యంత్రము మాని దండెము మీద ఆరవేయడము కూడా ఈ మార్పులలో ఒకటి. తెలుగు పాఠకులకు ఇది విడ్డూరముగా తోచవచ్చును. తరచు వాన పడే ఆ దేశములో తడి బట్టలను యంత్రములో ఆరబెట్టుకొనడము చాలా ఇళ్ళలో అలవాటు, దానికి కరెంటు బాగా ఖర్చవుతుంది.

ఉమ్మడి పనులు

కారు వాడకము తగ్గాలంటే రైలు అందుబాటులో ఉండాలి. చెస్టర్ - మాంచెస్టర్ మార్గములోని మోల్డ్స్‌వర్త్ స్టేషను దగ్గరలోనే ఉన్నా, అక్కడికి భద్రముగా నడిచి వెళ్ళే దారి లేదు. గ్రామస్తులు పట్టుబట్టి స్టేషను వరకు కాలిబాట సాధించుకొన్నారు. ఊరి దుకాణము కూడా గ్రామస్తుల ఉమ్మడి నిర్వహణలో, స్వచ్ఛంద సేవకుల సాయముతో నడుస్తున్నది. గిట్టుబాటు కాక ఇంగ్లాండు పల్లెలలో దుకాణాలు, పోస్టాఫీసులు, పబ్బులు మూతపడడము సాధారణమైపోయిన కాలములో ఇది చిన్న విషయము కాదు. దుకాణము పోతే పాలు, రొట్టె కొనడానికి కూడా కారు తీయాలి. కారు లేని వృద్ధులు ఇతరుల మీద ఆధారపడాలి. అక్కడ కౌంటరు వద్ద వంతుల వారీగా కూర్చొనేది కూడా ఇరుగుపొరుగువారే.

2009లో ప్రభుత్వము ఎంపిక చేసిన తక్కువ కర్బన సముదాయాల జాబితాలో ఆష్టన్ హేస్‌కు చోటు దక్కినది. ఆ నిధులతో ఊరి ఉమ్మడి భవనాలకు సౌర విద్యుత్తు వంటి సదుపాయాలు వచ్చినవి.

ఫలితాలు, పరిమితులు

సర్వేల ప్రకారము తొలి ఏడాదిలోనే ఉద్గారాలు సుమారు 20 శాతము తగ్గినవి. కానీ 2016 నాటికి, అనగా పది సంవత్సరాలకు, మొత్తము తగ్గుదల 24 శాతము మాత్రమే. తేలికగా చేయగలిగినవి మొదటే అయిపోయినవని ఈ అంకెలు చెపుతున్నాయి. దీపాలు మార్చడము, సందులు మూయడము ఎవరైనా చేయగలరు. పాత ఇంటిని పూర్తిగా బాగుచేయడానికీ, రెండవ కారు వదులుకొనడానికీ మంచి మనసు ఒక్కటే చాలదు, డబ్బు కావాలి, బస్సులు కావాలి. అవి గ్రామము చేతిలో లేవు.

ఈ లెక్కలను చదివేటప్పుడు మరి రెండు సంగతులు గమనించవలసి ఉన్నది. సర్వేకు జవాబిచ్చేవారు సహజముగా ఆసక్తి ఉన్నవారే అయి ఉండవచ్చును. అదిగాక బ్రిటనులో 2012 తరువాత బొగ్గుతో కరెంటు ఉత్పత్తి వేగముగా తగ్గి, చివరి బొగ్గు విద్యుత్కేంద్రము 2024 సెప్టెంబరులో మూతపడినది. అందువలన ఏ ఊరివారైనా ఏమీ చేయకుండానే వారి కరెంటు లెక్క కొంత తగ్గినది. ఊరి శ్రమ ఎంత, దేశములో వచ్చిన మార్పు ఎంత అని విడదీయడము కష్టము.

అయినప్పటికీ 2016 నాటికి వివిధ దేశాలలోని సుమారు 200 పట్టణాలు, నగరాలు, జిల్లాలు ఈ గ్రామస్తులను సంప్రదించినవి. వాటిలో నార్వేలోని నోటెరోయ్, తైవాన్ లోని ఛాంగ్‌హువా జిల్లా ఉన్నాయి. వచ్చినవారు తెలుసుకోగోరినది సౌర ఫలకాల గురించి కంటే ఎక్కువగా, ఒకే ఊరిలో వేర్వేరు అభిప్రాయాలవారిని అన్నేళ్ళపాటు ఒక పని మీద ఎలా నిలిపి ఉంచగలిగారు అన్నదే.