హైదరాబాదు పోలీసు జట్టు: తెలుగునాట ఫుట్‌బాల్ వైభవం

ఇంగ్లండులోని పేరుమోసిన ఫుట్‌బాల్ క్లబ్బుల్లో కొన్ని పనిచేసే చోటనే పుట్టాయి. 1878లో న్యూటన్ హీత్ రైల్వే కార్మికులు కూర్చుకున్న జట్టు కాలక్రమంలో మాంచెస్టర్ యునైటెడ్ కాగా, 1886లో వూలిచ్ ఆయుధ కర్మాగారపు కార్మికులు మొదలుపెట్టిన జట్టు ఆర్సెనల్ అయింది. తెలుగునాట ఆ కోవకు చెందిన జట్టు హైదరాబాదు సిటీ పోలీసు. నిజాం కాలంలోనే పేరు తెచ్చుకున్న ఈ జట్టులో ఆటగాళ్లకు జీతమిచ్చేది పోలీసుశాఖ. అందువల్ల పేదింటి కుర్రవాడికి సైతం బంతి మీద ఉన్న పట్టే బతుకుతెరువయ్యే అవకాశం దొరికింది.

ఈ జట్టు ఖ్యాతికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులైన ఆయన 1950లో జట్టు శిక్షణ చేపట్టారు. 1888లో సిమ్లాలో ఆరంభమైన డ్యూరాండ్ కప్ పోటీలో అదే 1950లో, ఫైనల్ సమంగా ముగియడంతో మళ్లీ ఆడిన ఆటలో కలకత్తా మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించి పోలీసులు కప్పు గెలిచారు. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు మరెవరికీ దక్కనివ్వలేదు.

రహీం శిక్షణాపద్ధతిని ప్రత్యేకంగా గమనించాలి. బంతిని కాలికి అంటిపెట్టుకొని ప్రత్యర్థులను తప్పించుకుంటూ సాగడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. చూసేవారిని మురిపించే ఆ విద్యను నిషేధించి, అందిన బంతిని అందినట్టే తోటివాడికి పంపడం అలవాటయ్యేలా ఆయన కుర్రవాళ్లకు పోటీలు పెట్టారు. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోనే తన్నాలనే నియమంతో మరికొన్ని పోటీలు నడిపారు. ఒంటరి నేర్పు కంటే కలసికట్టు ఆట గొప్పదని, ఆటగాడికి రెండు కాళ్లూ సమానంగా పలకాలని నమ్మిన ఆ గురువు, ఉపన్యాసాలతో కాక ఆట నియమాలనే మార్చి ఆ పాఠం చెప్పడం నిజంగా అబ్బురపరచే విషయం.

ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదీలు ఉన్నారు. జకార్తా విజయానికి ఏడాది నిండకముందే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు.

రాయలసీమలోని కర్నూలు రాజధానిగా 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రం 1956 నవంబరు 1న తెలంగాణతో కలిశాక, హైదరాబాదు పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో ఆడింది. ఆ విధంగా దాని ఖ్యాతిలో రాయలసీమకూ వాటా దక్కింది. రాష్ట్రజట్లు తలపడే సంతోష్ ట్రోఫీని 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలుచుకుంది. అయితే ఆ వైభవం నిలవలేదు. ఇంగ్లండులో 1885లోనే ఆటగాడికి డబ్బు చెల్లించడాన్ని అధికారికంగా ఒప్పుకోవడం, 1888లో లీగ్ ఏర్పడి టిక్కెట్ల రాబడి పెరగడం వల్ల, కార్ఖానా జట్లు యజమానిపై ఆధారపడని సంస్థలుగా నిలదొక్కుకున్నాయి. హైదరాబాదు జట్టు మాత్రం ప్రభుత్వశాఖ నీడలోనే ఉండిపోగా, ఇంకా ఎక్కువ ఇవ్వగల కలకత్తా క్లబ్బులు దాని నేలమీద ఎదిగిన మేటి ఆటగాళ్లను ఎత్తుకుపోయాయి. 1957లో బలరాం, 1966లో మహమ్మద్ హబీబ్, నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కు తరలివెళ్లారు. లోపం ఆటగాళ్లది కాదు, వారిని నిలుపుకోగల క్లబ్బు తెలుగునాట కట్టకపోవడమే.

2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ సినిమా రహీంను దేశానికి మళ్లీ గుర్తుచేసింది గానీ, ఆయన గురించి తెలుగు బడుల్లో వినబడేది తక్కువ. అనంతపురంలో గ్రామీణ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే క్రీడాగ్రామం ఉన్న రాయలసీమలో, వేంపల్లె వంటి ఊళ్ల బడిపిల్లలకు ఆ చరిత్ర అందాలంటే, పాత ఆటగాళ్ల కుటుంబాల వద్ద మిగిలిన ఫొటోలను, పత్రాలను ఇప్పుడే సేకరించి తెలుగులో గ్రంథస్థం చేయాలి.