రాజీ ఎవరి మాట?

తగాదా మా మాట. తకరారు మా మాట. ఫిర్యాదు, దావా, జవాబు, జుర్మానా, మాఫీ, చివరికి రాజీ - ఇవన్నీ మా మాటలే. అరబ్బీలోనో ఫారసీలోనో పుట్టి, ఉర్దూ నోటి మీదుగా తెలుగు నోట్లోకి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మాటలు. తెలుగువాళ్లు కొట్లాడుకోవాలన్నా, కొట్లాట మానుకోవాలన్నా ఇవి లేకుండా పూట గడవదు. అయినా మమ్మల్ని "మీరెప్పుడొచ్చిన్రు?" అని అడుగుతనే ఉంటారు. మేం ఎప్పుడొచ్చామో తర్వాత చూద్దాం. మా మాటలు మీ నోట్లోకి ఎప్పుడొచ్చాయో ముందు అడగండి.

ఈ మాటల అసలు అర్థాలు చూస్తే తమాషాగా ఉంటుంది. తఖాజా అంటే అడగడం, రావలసింది ఇమ్మని అడగడం. అది తెలుగులో తగాదా అయింది. అడిగితే కొట్లాట అవుతుందని ఈ నేలకు బాగా తెలుసు మరి! తక్రార్ అంటే అన్న మాటే మళ్లీ మళ్లీ అనడం. అది పోట్లాట అయింది. రాజీ అంటే మనసారా ఒప్పుకున్న మనిషి. నిఖాలో పెళ్లికూతురు రాజీ కావాలి. మియా బీబీ రాజీ అయితే ఖాజీ ఏం చేస్తాడని సామెత కూడా ఉంది. అదే మాట తెలుగు రాజకీయాల్లోకి వచ్చేసరికి లొంగిపోవడం అయింది. గోదావరిఖని గోడల మీద "రాజీలేని పోరాటం" అని ఎర్ర అక్షరాల్లో చదువుకుంటూ పెరిగినవాళ్లం. పోరాటం తప్పని నేను అనడం లేదు. బొగ్గు బాయిల మీద అది లేకపోతే మనిషికి మనిషి విలువే దక్కేది కాదు. కానీ ఒక ఊళ్లో "ఒప్పుకోవడం" అన్న మాటకే చెడ్డపేరు వచ్చిందంటే, అక్కడ మాట్లాడుకోవడం ఎట్లా నడిచిందో వెతకాలి. సింగరేణి చరిత్ర రాసినవాళ్లు టన్నులు లెక్కపెట్టారు, సమ్మెలు లెక్కపెట్టారు. ఇంట్లో, లైన్లో, మసీదు మెట్ల మీద జరిగిన మాటల లెక్క ఎవరూ తీయలేదు.

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వుకునే హక్కు దక్కింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం వాటాల్లో ఎక్కువ భాగం కొన్నది. సర్కారు కాగితం ఉర్దూలో, కంపెనీ కాగితం ఇంగ్లీషులో, బాయిలోకి దిగే మనిషి నోట్లో తెలుగు, గోండి, దక్కనీ. ఈ మూడింటి మధ్య పుట్టిందే బాయి భాష. హాజరు, నాగా, సర్దార్ మావి. మస్టర్, షిఫ్టు, టబ్బు, ప్లేడే దొరలవి. తట్టా చెమ్మస్ అందరిదీ. నడుస్తున్న హాలేజీకి ఒక్క గంట కొడితే ఆపమని అర్థం. ఏ కులపోడు కొట్టినా, ఏ మతపోడు కొట్టినా ఆగాల్సిందే. భూమి లోపల అపార్థానికి చోటు లేదు, అక్కడ అపార్థమైతే ప్రాణం పోతుంది. అపార్థాలన్నీ భూమి పైనే.

రామగుండం పక్కన గనులు తెరుచుకున్నది 1960ల్లో. ఊరికి పేరు పెట్టింది కూడా గనే, గోదావరి పక్కన ఖని. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్లు పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినవాళ్లతో నిండింది. ఆ వెనక ఎరువుల కర్మాగారం, 1978లో పునాది పడ్డ ఎన్టీపీసీ ఇంకా ఎక్కడెక్కడివాళ్లనో తెచ్చాయి. ఇది తాతల సమాధులు లేని ఊరు. పల్లెలో తగాదా వస్తే పటేలు ఉండేవాడు, కులపెద్ద ఉండేవాడు. వాళ్లేమీ న్యాయమూర్తులు కారు. బలవంతుడి వైపే మాట్లాడేవాళ్లు. అయినా ఎవరి దగ్గరికి పోవాలో తెలిసేది. ఇక్కడ పక్క గుడిసెవాడి ఊరు తెలియదు, కులం తెలియదు. అందుకే మనుషులు మొదట చేసిన పని వరసలు కలుపుకోవడం. మా నాయన వయసు మాదిగాయన మాకు కాక. వాళ్ల పిల్లలకు మా నాయన చాచా. ఎదురింటి గొల్లామె మా అమ్మకు వదినె. ఇది వట్టి మర్యాద కాదు. వరస కలిసిన మనిషిని తిట్టడానికి కొలత ఉంటుంది. వదినెతో నీళ్ల కాడ కొట్లాడవచ్చు గాని వదినె పిల్లలకు జ్వరమొస్తే చూడకుండా ఉండలేం. పంపు దగ్గర బిందెల వరస తప్పితే వచ్చే తగాదాను తీర్చింది ఏ చట్టమూ కాదు, ఈ అల్లుకున్న వరసలే.

పిలుపు దగ్గరే బెడిసికొట్టిన సంగతులు కూడా ఉన్నాయి. తెలంగాణ తెలుగులో "నువ్వు" చులకన కాదు. తండ్రిని నువ్వంటాం, పెద్దాయనను "నువ్వు కూసో బాపు" అంటాం. కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరుకు అదే మాట పొగరుగా వినపడేది. ఆయన "ఏవండీ" అంటే మనవాళ్లకు ఎగతాళిగా వినపడేది. మా ఉర్దూలో ఆప్, తుమ్, తూ మధ్య దూరం ఎక్కువ. ఉర్దూ ఇంట్లో పెరిగిన సర్దారు ఫిల్లరు అన్న "నువ్వు"ను "తూ"గా విన్నాడంటే ఆ పూట మస్టర్ దగ్గర గొడవే. ఇట్లాంటి చిన్న మాట మీద షిఫ్టు ఆగిన రోజులు బాయి మీద పనిచేసిన ప్రతి మనిషికీ గుర్తుంటాయి.

ఇక ఇల్లు. మూడు షిఫ్టుల ఊళ్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకునే సమయం ఏది? ఫస్ట్ షిఫ్టువాడు తెల్లారక ముందే లేచిపోతాడు. సెకండ్ షిఫ్టువాడు వచ్చేసరికి పిల్లలు పడుకుంటారు. రాత్రి షిఫ్టువాడు పగలు నిద్రపోతాడు, ఇల్లంతా గుసగుసగా బతకాలి. జీతం రోజు బాయి గేటు దగ్గరే వడ్డీవాడు, సారా కాంట్రాక్టరు మనిషి కాపు కాసేవారు. ఇంటికి చేరేది మిగిలిన పైసలూ, మిగలని ఓపికా. ఆడది అడిగితే తఖాజా, మగవాడికి అది తగాదా. ఆ అర్థం ఎట్లా మారిందో నిఘంటువులో వెతకనక్కరలేదు, జీతం నాటి రాత్రి క్వార్టర్ల మధ్య నడిస్తే చాలు. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమంతో 1993లో సారా ఆగింది. ఆ ఉద్యమం ఏ మాటకారులదీ కాదు, ఇంట్లో ఎవరూ వినని మాటను బజారులో అన్నవాళ్లది.

పంచాయితీ యూనియన్ ఆఫీసులకు చేరిన చరిత్ర వేరే ఉంది. 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ పుట్టినప్పుడు దాని అధ్యక్షుడు మఖ్దూం మొహియుద్దీన్. ఉర్దూ కవి, కమ్యూనిస్టు, ముసల్మాను. తెలంగాణ కార్మికుల చరిత్ర చెప్పేటప్పుడు ఈ మూడింటిలో ఒకదాన్ని మింగేయడం కొందరికి అలవాటు. ఆ కాలం నుంచి యూనియన్ అంటే జీతం గొడవే కాదు, మొగుడు కొడితే పోయే చోటు, అన్నదమ్ముల పాలు తెగకపోతే పోయే చోటు. కానీ యూనియన్ల మధ్య పోటీ పెరిగేకొద్దీ ఇద్దరిలో ఒకడు ఒక జెండా, రెండోవాడు ఇంకో జెండా. తగాదా కుటుంబానిది కాకుండా జెండాలది అయ్యేది.

కంపెనీ వైపు నుంచి మాట అసలే లేదు. ఒక్కరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోసే పద్ధతి మీద 1981లో 56 రోజులు బాయిలు బందయ్యాయి. అడిగితే నోటీసు, నోటీసుకు సమ్మె, సమ్మెకు కోత. ఆ తర్వాత దశాబ్దమంతా అదే తక్రార్. కంపెనీ బీఐఎఫ్‌ఆర్ దాకా పోయాక గాని బాయిల దగ్గరకు వచ్చి కార్మికులకు లాభనష్టాల లెక్క చెప్పాలని దొరలకు తోచలేదు. 1998 సెప్టెంబర్ 9న రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నిక జరిగింది, ఏఐటీయూసీ గెలిచింది. కార్మికుడి తరఫున ఎవరు మాట్లాడాలో కార్మికుణ్నే అడగడానికి అంత కాలం పట్టింది.

నడుమ అన్నల పంచాయితీలూ నడిచాయి. సికాస కాలంలో పెళ్లాన్ని కొట్టేవాడు, రెండో పెళ్లివాడు, వడ్డీవాడు భయపడ్డారన్నది నిజం. ఆడవాళ్లు ఆ గడపకే పోయారన్నది కూడా నిజం, ఎందుకంటే పోలీసు గడప వాళ్లది కాదు. కానీ భయంతో కొట్టడం మానినవాడు రాజీ అయినట్టు కాదు. భయం పోగానే చెయ్యి లేస్తుంది. ఆ పంచాయితీలకు పోయారని తర్వాత పోలీసులు పట్టుకుపోయి అడిగిన ప్రశ్నలకు మళ్లీ ఆ ఇళ్లే బలి. పంచాయితీ చేసినవాళ్లూ లేరు, చెప్పించుకున్నవాళ్లు మాత్రం ఠాణా చుట్టూ తిరిగారు.

ఈ బెల్టులో అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లను చీల్చింది మాత్రం సారా కాదు, నౌకరి. 1990ల మొదట్లో లక్షా పదివేలు దాటిన ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల చిల్లర. తండ్రి నౌకరి ఒక్కటే, కొడుకులు ముగ్గురు. అనారోగ్యంతో అన్‌ఫిట్ అయితే ఒకడికి వస్తుంది. ఎవడికి? పెద్దోడికా, పెళ్లయినోడికా, తండ్రిని చూసుకునేవాడికా? పెద్ద పెళ్లాం కొడుక్కా, చిన్న పెళ్లాం కొడుక్కా? ఈ ప్రశ్న మీద తండ్రికి అన్నం పెట్టని ఇళ్లున్నాయి, నెత్తురు పారిన ఇళ్లూ ఉన్నాయి. 2016లో వారసత్వ ఉద్యోగాలన్నారు, 2017లో హైకోర్టు కొట్టేసింది, ఆ తర్వాత కారుణ్య నియామకాల పేరుతో నడుస్తున్నాయి. ఇప్పుడు కూతుళ్లూ చేరుతున్నారు కనుక అల్లుళ్లూ అత్తగారిళ్లూ పంచాయితీలోకి వచ్చారు.

దీనికి తోడు మారుపేర్లు. బాయి పని దొరకడమే గగనమైన రోజుల్లో ఎవరి పేరు మీదనో ఎవరో చేరారు. ఇంట్లో ఒక పేరు, మస్టర్‌లో ఒక పేరు. ముప్పై ఏళ్లు వేరే మనిషి పేరుతో హాజరు పలికినవాడు రిటైరయ్యే ముందు తన కొడుక్కి తను తండ్రినని రుజువు చేసుకోవాలి. ఆ పేరు అసలు మనిషి కుటుంబమూ వాటా అడుగుతుంది. మా ఇళ్లలో మారుపేరు లేకపోయినా చిక్కే. మహబూబ్, మెహబూబ్, మైబు - రాసిన గుమస్తా చెవికి ఎట్లా వినపడితే అట్లా. ఒకే మనిషి రేషన్ కార్డులో ఒకడు, సర్వీసు పుస్తకంలో ఇంకొకడు. అస్తిత్వం గురించి పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తున్నాం గాని బొగ్గు బాయి ముసల్మానుకు అస్తిత్వమంటే ముందు ఆ గుమస్తా పెట్టిన ఒత్తూ గుడీనే.

1992 డిసెంబర్ 6 తర్వాతి రోజులను దాటిపోలేను. మా లైన్లో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అది గొప్పగా చెప్పుకుంటారు. కానీ మాట ఆగిపోయింది. కలిసి టిఫిన్ విప్పేవాళ్లు వేరే వైపు తిరిగి కూర్చున్నారు. కాక అనేవాళ్లం కాక అనలేకపోయాం, ఆయన చూపు కిందికి దించుకున్నాడు. పీర్ల పండుగకు దూలాడినవాళ్లే. మళ్లీ మాట కలిపింది శాంతి కమిటీ కాదు. పంపు దగ్గర బిందె వరస మీద మా అమ్మకు, ఎదురింటి వదినెకు గొడవైంది. తిట్టుకుంటేనే గాని తెలియలేదు, ఇంకా వదినెలమే అని.

ఇప్పుడు మా ఇంటి సంగతి. బయటివాళ్ల ముందు చెప్పకూడదని మా పెద్దలంటారు. చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు, మేం చూస్తూనే ఉన్నాం. 1985లో షాబానో తీర్పు, 1986 చట్టం, 2017లో షాయరా బానో తీర్పు, 2019లో ముమ్మారు తలాక్‌కు మూడేళ్ల దాకా జైలు చట్టం. ప్రతిసారీ దేశమంతా మా ఆడవాళ్ల గురించి మాట్లాడింది. వీటి మధ్య 2002లో షమీం ఆరా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటకు మాత్రం అంత చప్పుడు లేదు. తలాక్‌కు సరైన కారణం ఉండాలి, దానికి ముందు భార్య వైపు ఒకరు, భర్త వైపు ఒకరు కూర్చుని కలపడానికి ప్రయత్నించాలి అన్నది కోర్టు. ఇది కోర్టు కనిపెట్టింది కాదు. ఖురాన్ నాలుగో సూరాలో ముప్పై ఐదో ఆయత్‌లో ఇద్దరు హకమ్‌లను పెట్టమని ఉన్నదే. ఇద్దరూ సమానం. ఆమె హకమ్ ఆమె మాట మోయాలి.

మసీదు కమిటీ పంచాయితీలో జరిగేది వేరు. కూర్చునేది పదిమంది మగవాళ్లు. ఎక్కువసార్లు ఆమె తరఫువాడు అన్నో తమ్ముడో. వాడికి చెల్లె తిరిగి ఇంటికొస్తే ఇంకో నోరు అన్న బెంగ. మాట ఉర్దూలో. బొగ్గు బెల్టులో ఎంతమంది ఇళ్లలో ఉర్దూ? దూదేకులవాళ్ల ఇంట్లో తెలుగే. తెలుగు బడిలో చదివిన మా చెల్లెళ్లకు దక్కనీ వస్తుంది గాని పెద్దలు పలికే ఖుతుబా ఉర్దూ రాదు. అది రానివాళ్లను "ఆధే ముసల్మాన్" అని ఎగతాళి చేసే షరీఫులకూ మాలో కొదవ లేదు. తెలుగు సరిగా రాదని స్టేషన్లో, ఉర్దూ సరిగా రాదని మసీదులో - ఒకే మనిషి రెండు చోట్లా మూగది. కౌన్సెలింగ్ అని స్టేషన్లో కూర్చోబెడితే మొదటి ప్రశ్న, "మీలో నలుగుర్ని చేసుకోవచ్చు కదా?"

నిఖా రోజు వకీలు, ఇద్దరు గవాలు పిల్ల దగ్గరికి వచ్చి అడుగుతారు. పేరు చెప్పి, మెహర్ చెప్పి, రాజీయేనా అని. తెలుగు ఇంటి పిల్ల అయితే పక్కన కూర్చున్న పెద్దమ్మ మెల్లగా తెలుగులో చెబుతుంది: "ఒప్పుకుంటున్నవా బిడ్డా?" పిల్ల తల ఊపేదాకా ఆగుతారు, పెళ్లి పందిరంతా ఆగుతుంది. నాలుగేళ్ల తర్వాత అదే పిల్ల మసీదు బయట చెట్టు కింద, చంకలో బిడ్డతో, బుర్ఖా ముసుగు పైకెత్తి కూర్చుని ఉంటుంది. లోపల ఆమె గురించే మాట్లాడుతున్నారు. పెద్దమ్మను లోపలికి రానివ్వరు. జొహర్ అయ్యాక మొదలైన పంచాయితీ అసర్ దాకా నడుస్తుంది. తమ్ముడు చెప్పులు వేసుకుంటూ బయటికొస్తాడు. ఆమె లేచి నిలబడి అడుగుతుంది: "ఏమన్నరు?"