పాదచారి అంటే ఎవరు?

తమిళ బడిలో నేను 'పాదసారి' అని చదువుకున్న మాటే మన తెలుగులో పాదచారి.

మన దేశంలో 1914లో, 1939లో, మళ్ళీ 1988లో మోటారు వాహనాల చట్టాలు వచ్చాయి. 1988 చట్టం 2వ సెక్షన్‌లో మోటారు వాహనం అంటే ఏదో చెప్పారు. పట్టాల మీద పోయేది అందులోకి రాదనీ రాశారు. రైల్వే గుమాస్తాను గదా, ఆ మాట దగ్గర ఆగాను. అదే సెక్షన్‌లో పాదచారికి మాత్రం నిర్వచనం లేదు.

ఇంగ్లండులో 1980 నాటి క్రాంక్, బ్రూక్స్ కేసు చూడండి. రోడ్డు దాటే గీతల మీద సైకిలు తోసుకుంటూ నడిచిన ఆమెను కారు గుద్దింది. చేతిలో సైకిలున్నా ఆమె పాదచారే అని పై కోర్టు తేల్చింది.

మన వీధుల్లో కూరల బండి తోసే అమ్మ సంగతేమిటి? ఆమె ఏ లెక్కలోకి వస్తుందో దెబ్బ తగిలాక కాదు, ముందే చట్టంలో రాసి ఉండాలి.